కింద ఖాళీ వదలొద్దు

మిర్యాలగూడ,
సోమవారం.

చిరంజీవి సుమలతకు,

నాయన వెంకటనర్సయ్య దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మ సైదమ్మా ఒంటికి మాత్రం క్షేమమే. నువ్వు కూడా బాగానే ఉన్నానని పోయిన ఉత్తరంలో రాశావు గానీ, ఆ ఒక్క వాక్యంలో అక్షరాలు కిందికి జారిపోయాయి. డ్యూటీ దిగి, ఏమీ తినకుండా, మంచం మీద వాలి రాసి ఉంటావు. కాబట్టి అది నేను నమ్మడం లేదు. సూర్యాపేట హాస్టల్లో తిండి బాగోకపోతే బాగోలేదని రాయి, ఇందులో దాచేదేముంది?

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. మన మిల్లు లారీ నడిపే మల్సూర్ సూర్యాపేట మీదుగా పోతున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నీ చేతికే ఇమ్మన్నాను. కవరు అంటించిన చోట అడ్డంగా నా సంతకం ఉంటుంది, రెండు ముక్కలూ సరిగ్గా కలిశాయో లేదో చూసుకున్నాకే చింపు. మల్సూర్ మంచివాడే, కానీ పక్కవాళ్ల సంగతులంటే వాడికి ఆసక్తి ఎక్కువ. ఫోన్లో చెప్పొచ్చు కదా నాయనా అంటావు. ఫోన్లో అన్న మాట ఎవరెవరు వింటారో మనకేం తెలుసు? పైగా ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు. ఈసారి నా మాట చివరిదాకా వినాలి.

యాసంగి పంట వడ్లు మిల్లుకు రావడం మొదలైంది. లారీలు స్టేషన్ రోడ్డు దాకా నిలబడుతున్నాయి. దుమ్ముకు మీ అమ్మ కిటికీలన్నీ మూసేసి కూర్చుంటోంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐర్లాండ్‌లో నర్సు ఉద్యోగానికని రాసిన ఇంగ్లీషు పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడడం మూడింట్లోనూ కావలసినంత వచ్చి, రాతలో మాత్రం ఎందుకు తక్కువ వచ్చింది, చేతిరాత బాగోలేకనా అని అడిగావు. డబ్బు కట్టి ఆ పేపరు మళ్లీ దిద్దించుకోవాలా అనీ అడిగావు. వచ్చే శనివారం రెండోసారి రాస్తున్నావు కదా, ఈసారి కూడా రాతలో తక్కువొస్తే అక్కడి ఆసుపత్రి వాళ్లు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారని కూడా రాశావు. నువ్వు అడిగింది ఇంకొకటుంది. దానికి తర్వాత వస్తాను.

నిజం చెప్పాలంటే ముందు నేను అనుమానించింది నీ రాతను కాదు, ఆ పరీక్ష వాళ్లను. పెన్సిల్‌తో రాసినా పర్వాలేదని వాళ్లు చెప్పినప్పుడే నాకు తేడాగా అనిపించింది. చెరిపితే పోయేదానితో రాయమనేవాడి మీద అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కంప్యూటర్ మీద రాస్తానని నువ్వంటే వద్దన్నది కూడా నేనే. నువ్వు కొట్టింది ఏమిటో, వాళ్లకు చేరింది ఏమిటో ఎవరు చూడొచ్చారు అన్నాను. నా మాట విని నల్ల బాల్‌పెన్నుతో కాగితం మీదే రాశావు. తీరా మార్కులు వచ్చాక, రాసిన కాగితం మనకు తిరిగి చూపించరట! ముప్పై ఏళ్లుగా రైస్ మిల్లులో గుమస్తాగా ఉన్నవాణ్ని, చూపించని కాగితాన్ని నేనెలా నమ్ముతాను?

అందుకే గురువారం కోదాడ పోయాను. గోనె సంచుల పని ఉందని మిల్లులో చెప్పాను. అది అబద్ధం కాదు, ఒక పావుగంట పని ఉండింది కూడా.

అక్కడ నీకు కోచింగ్ చెప్పిన సాయిబాబు సార్‌ను కూడా నేను మొదటినుంచీ నమ్మలేదని నీకు తెలుసు. చేతిరాతకు మార్కులుండవని ఆయన నీతో అన్నాడు. అలా చెప్పి నిన్ను నిశ్చింతగా కూర్చోబెట్టి, రెండుసార్లు తప్పితే మూడో బ్యాచ్‌లో చేర్చుకోవచ్చన్న ఎత్తేమో అనుకున్నాను. కాబట్టి ఆయనకే ఒక పరీక్ష పెట్టాను. నువ్వు ఇంట్లో వదిలేసిన నోటుబుక్కులోంచి, పట్నాల్లో కార్లు తగ్గించాలా వద్దా అన్న వ్యాసాన్ని నా చేత్తో ఎత్తి రాశాను. అర్థం కాకపోయినా అక్షరం చూసి అక్షరం దించగలను కదా. అదే వ్యాసాన్ని మల్సూర్ చేత ఇంకో కాగితం మీద రాయించాను. వాడివి అచ్చమైన కోడిగీతలు. కూడబలుక్కుంటే చదవొచ్చు గానీ చూడడానికే బుద్ధి పుట్టదు. నాదాని మీద జైరాం అనీ, వాడిదాని మీద రాందాస్ అనీ పేర్లు పెట్టాను.

బస్టాండు పక్కన టిఫిన్ హోటల్ పైన కదా ఆయన ఆఫీసు. మా మేనల్లుళ్ల పేపర్లు, ఎన్ని మార్కులు వస్తాయో చెప్పండి అని రెండూ ముందు పెట్టాను. ఆయన రెండూ ఓపికగా చదివి రెండింటికీ ఒకటే మార్కు వేశాడు. తర్వాత కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

“ఈ జైరాం, రాందాస్ ఒకే బెంచీ మీద కూర్చుని రాశారాండీ? కామాలు కూడా మారలేదు.”

“గది ఇడిసిపెట్టుండ్రి సార్. ఒకలది గంత సక్కటి రాత. ఇంకొకలది జూస్తే కండ్లు నొస్తయి. ఇద్దరికీ ఒక్కటే మార్కు ఎట్ల ఏస్తరు?”

“అందానికి మార్కుల్లేవండీ. చదవడానికి వీలుగా ఉంటే చాలు. బొత్తిగా చదవలేకపోతే అప్పుడు నష్టం. ఇంతకీ మీరెవరో చెప్పండి.”

దొరికిపోయాక ఇక దాచడమెందుకని సుమలత నాయనను అని చెప్పాను. ఆయన నవ్వాడు. నన్ను చూసి నవ్వాడేమోనని కాసేపు కోపం వచ్చింది గానీ, టీ తెప్పించాడు. అప్పుడు నువ్వు పంపిన కాగితాలు తీసి ఇచ్చాను. పరీక్షలో రాసింది రాసినట్టు, కొట్టివేతలతో సహా గుర్తు తెచ్చుకుని రాసి పంపావు చూడు, అవి. వాటిని చూసేటప్పుడు ఆయన నవ్వలేదు.

“ఏమండీ, అమ్మాయి ఇదివరకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గానీ పనిచేసిందా?”

“లేదు సార్. సదువు అయిపోంగనే దవాఖానల నర్సుగ జేరింది.”

“మరి దిద్దుకున్న ప్రతి మాట పక్కనా పొట్టి సంతకం ఎందుకు పెట్టిందండీ?”

“మల్ల ఎవరన్న దిద్దితె తెల్వద్దా?”

“ఎవరు దిద్దుతారండీ?” అన్నాడాయన.

ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. పటం చూసి అంకెలు వివరించమన్న ప్రశ్నలో నలభై ఐదు శాతం అని అంకెల్లో వేసి, పక్కన బ్రాకెట్లో అక్షరాల్లో రాసి, చివర ‘ఓన్లీ’ అని తగిలించావు. ఎక్కడ వాక్యం లైను మధ్యలో అయిపోయినా అంచు దాకా చిన్న చిన్న గీతలు పెట్టావు. పేరాకూ పేరాకూ మధ్య ఒక్క లైను వదల్లేదు. అసలు పేరాలే లేవు, పై అంచు నుంచి కింది అంచు దాకా ఒకటే గోడ. మొదటి జవాబు అయ్యాక మిగిలిన సగం పేజీ మీద అడ్డంగా గీతలు కొట్టుకుంటూ పోయావు. రెండో జవాబు చివరి వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.

“ఇక్కడ టైమ్ అయిపోయింది కదా? అయిపోదు మరి, గీతలు కొడుతూ కూర్చుంటే! చేతిరాతకు ఏం కాలేదండీ, శుభ్రంగా ఉంది. ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దిద్దేవాడికి కనబడాలి. ఈ పిల్లకి తెల్ల కాగితం అంటే ఇంత భయం ఎవరు పెట్టారండీ?”

ఎవరు పెట్టారో ఆయనకు తెలిసే అడిగాడని నా అనుమానం.

ఇక పేపరు మళ్లీ దిద్దించుకోవాలా అన్నదానికి జవాబు చెబుతున్నాను. వద్దు. వారం కిందటి దాకా దిద్దించాల్సిందే, వాళ్ల సంగతేమిటో తేల్చాల్సిందే అని నీ మీద అరిచింది నేనే. దిద్దినవాడు మోసం చేయలేదు. కోదాడ నుంచి బస్సులో వస్తూ అంతసేపూ ఇంకెవరి మీదనైనా అనుమానపడదామని చూశాను. ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. “నాయనా, మూడో తరగతిలో నా నోటుబుక్కు ఎందుకు చింపావు? సగం పేజీ ఖాళీ వదిలాననే కదా? ఆ రోజు నుంచి కాగితం కింద తెల్లగా కనబడితే నాకు చేతులు ఆగవు” అని రాశావు. ఇదివరకు నువ్వు అడిగినప్పుడల్లా ఒక కథ చెప్పేవాణ్ని. మీ తాత ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేస్తే, ఎవరో పైన రాసుకుని రెండెకరాలు కాజేశారని. అది అబద్ధం బిడ్డా. మీ తాతకు రెండెకరాలు ఎక్కడివి? ఆయన ఏ కాగితం మీదా మోసపోలేదు. ఆ కథ నేను కట్టింది.

జరిగింది రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ల కిందట మన మిల్లులో గేమ్యా అనే హమాలీ ఉండేవాడు. నేరేడుచర్ల అవతల తండా వాళ్లది. నిన్ను ఒకసారి వడ్ల బస్తాల మీద కూర్చోబెట్టి ఆడించాడు, నీకు గుర్తుండదు. ఒకరోజు మధ్యాహ్నం మిషన్ బెల్టు జారితే, సరిచేయమని మిల్లు ఓనరు సేటే చెప్పాడు. మిషన్ ఆపమని గేమ్యా అడిగాడు. లోడు పోవాలి, ఆపేది లేదన్నాడు సేటు. తిరిగే బెల్టులో పడి గేమ్యా కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. నేను పక్కన చీటీలు రాస్తూ ఉన్నాను. సేటు అన్నదీ విన్నాను, గేమ్యా అరిచిందీ విన్నాను.

దవాఖానలో కట్టు కట్టించి, ‘గిది దవాఖానోళ్లకు ఇయ్యాలె’ అని చెప్పి, తెల్ల కాగితం అడుగున గేమ్యా ఎడమచేతి బొటనవేలు ముద్ర వేయించుకొచ్చాడు సేటు. దాన్ని నా బల్ల మీద పెట్టి, ఏం రాయాలో చెప్పాడు. గేమ్యా తాగి పనికి వచ్చాడని, వద్దన్నా వినకుండా బెల్టులో చేయి పెట్టాడని, మిల్లుకు ఏ బాధ్యతా లేదని.

నేను రాశాను. రాయనని ఒక్క మాట అనలేదు. నువ్వు చిన్నదానివి, ఇల్లు కిరాయిది, ఉద్యోగం పోతే ఎలా అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజమే గానీ, ఆ పూట నేను వాటి గురించి ఆలోచించనేలేదు. ముద్రకు పైన చాలా జాగా ఉంది, రాయాల్సింది తక్కువ ఉంది. మధ్యలో ఖాళీ మిగిలితే అనుమానం వస్తుందని, అక్షరాలు పెద్దవి చేసి, లైన్లు సమంగా పరిచి, సరిగ్గా ముద్ర దాకా వచ్చేట్టు రాశాను. నా ఆలోచనంతా దాని మీదే ఉంది. అంత చక్కటి రాత నాకు మళ్లీ ఎప్పుడూ కుదరలేదు. “నర్సయ్యా, ముత్యాలు పరిచినట్టు రాసినవు పో!” అని సేటు మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటే నాకు సంతోషమే వేసింది. అది కూడా నువ్వు తెలుసుకోవాలి.

సాయంత్రం ఇంటికొస్తే, నువ్వు గడప దగ్గర కూర్చుని హోంవర్క్ చేస్తున్నావు. సగం పేజీ రాసి, మిగతాది తెల్లగా వదిలి, పేజీ తిప్పావు. అది చూడగానే నాకేమైందో తెలియదు. ఆ నోటుబుక్కు లాక్కుని చింపేశాను. నువ్వు ఏడ్చావు. ఆ తర్వాత నీకు గీత కొట్టడం, దిద్దిన చోట సంతకం పెట్టడం, అంకెల పక్కన అక్షరాలు రాయడం అన్నీ కూర్చోబెట్టి నేర్పాను. నీ మేలు కోరే నేర్పాననుకున్నాను. లోకంలో నాలాంటివాడు ఒకడున్నాడని నాకు తెలుసు కదా, వాడి నుంచి నిన్ను కాపాడాలనుకున్నాను.

శనివారం మీ అమ్మకు చెప్పాను. అంతా విని, “నాకు జెప్తె ఏమొస్తది? పోయి గా మంగమ్మకు జెప్పు” అంది. మంగమ్మ గేమ్యా భార్య. ఆ మాట తర్వాత మీ అమ్మ ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెడుతోంది.

నిన్న ఆదివారం తండాకు పోయాను. షేర్ ఆటోలో కూర్చున్నప్పటి నుంచీ నాకు అన్నీ అనుమానాలే. పోలీసులను పిలుస్తారేమో, నలుగురిని పోగేసి కొడతారేమో, పాత సేటు పోయాక మిల్లు చూస్తున్న కొడుకు దగ్గరికి వచ్చి గొడవ చేస్తారేమో అనుకుంటూ పోయాను. గేమ్యా ఎడమచేత్తో మేకలకు ఆకు కొడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. అతను కొడవలి కింద పెట్టాడు.

“నాకు ఎరుకనే సారూ. గా కాయితం లేబర్ ఆఫీసుల సదివిచ్చుకున్నప్పుడే తెల్సింది, గది నీ రాతని. మిల్లుల ఇంకెవలికి వస్తది గంత మంచి రాత?”

తెలిసి కూడా ప్రతి దసరాకూ మిల్లు గేటు దగ్గరికొచ్చి నాకు జమ్మి ఆకు ఇచ్చి పోయేవాడు బిడ్డా. ఏదో ఆశించి వస్తున్నాడని నేను చిల్లర చేతిలో పెట్టి పంపేసేవాణ్ని. నేనే వచ్చి చెబుతానని పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాడని నిన్న అర్థమైంది.

మంగమ్మ అలాంటి మనిషి కాదు. గుడిసె లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“తాగి శెయ్యి పోగొట్టుకున్నడని తండా అంత అంటరు. ఆయన కల్లు సుత ముట్టడు. నా కొడుకును బడిల తాగుబోతోని కొడుకు అని పిల్శిండ్రు. పైసలు నాకొద్దు. ఏం జరిగిందో గట్లనే రాసియ్యి. నా కోడలు డిగ్రీ సదివింది, ఆమె సదువుతది, తండా అంత ఇంటది.”

రాశాను. సేటు ఏం చెప్పాడో, గేమ్యా ఏం అడిగాడో, నేను ఏం విన్నానో, తర్వాత ఏం రాశానో. లైన్లన్నీ వంకర పోయాయి. నా రాత అని నువ్వు కూడా గుర్తుపట్టవు. కోడలు మాత్రం ఎక్కడా తడబడకుండా గట్టిగా చదివింది. తండా వాళ్లు పది పదిహేను మంది నిలబడి విన్నారు. గేమ్యా తల వంచుకుని ఉన్నాడు. ఈ కాగితం మిల్లుకు చేరితే నా ఉద్యోగం ఉండదు. ఉండకపోతే పోనీ.

నేను సంతకం చేసి కాగితం ఇవ్వబోతే మంగమ్మ తీసుకోలేదు. సంతకం కింద నాలుగు వేళ్ల జాగా మిగిలి ఉంది. దాని మీద వేలు పెట్టింది.

“గీడ ఖాళీ ఉంది. మల్ల ఏమన్న రాస్తవు.”

గీత కొడతానని పెన్ను పెట్టబోయాను. “నువ్వద్దు. పెన్ను ఇటియ్యి” అంది. ఆమెకు అక్షరం రాదు. పెన్నును పిడికిలితో పట్టుకుని, నేల మీద కూర్చుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా, నా సంతకం కింది నుంచి అంచు దాకా గీతలు కొట్టింది. మొత్తం నిండేదాకా కొట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది.

ఆ గీతలు ఆమెకు కావాలి బిడ్డా, ఆమెకు జరిగింది. నీకేమీ జరగలేదు. నేను పడాల్సిన భయాన్ని తెచ్చి నీ చేతిలో పెట్టాను. శనివారం పెన్సిల్‌తో రాస్తావో పెన్నుతో రాస్తావో నీ ఇష్టం. తప్పు పోతే ఊరికే కొట్టేసి ముందుకు పో, సంతకం పెట్టకు. పేరా అయిపోతే ఒక లైను వదిలి ఇంకో పేరా మొదలుపెట్టు. జవాబు అయ్యాక సగం పేజీ తెల్లగా ఉంటే ఉండనీ, రెండో జవాబుకు పో. నీ కాగితం కింద ఏదో రాయడానికి ఎవడూ కాచుకుని లేడు. అలా రాసిన చేయి ఒక్కటే నాకు తెలుసు, అది నాది, అది ఇక్కడ మిర్యాలగూడలో ఉంది.

ఇట్లు,
ఈ సంగతి చదివాక కూడా నువ్వు అలా పిలుస్తావో లేదో తెలియని
నీ నాయన,
వెంకటనర్సయ్య